ఆర్‌సెటి కుట్టు శిక్షణ: కొన్నేళ్లు షాపు నడిపాక నా మాట

మా జిల్లా ఆర్‌సెటిలో, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో, లేడీస్ టైలరింగ్ కోర్సు చేసి సొంత షాపు పెట్టుకున్నాను. ఏళ్లు గడిచినా షాపు నడుస్తూనే ఉంది. "అక్కా, అక్కడ చేరమంటారా?" అని అడిగే అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను.

బ్యాంకులు నడిపే ఈ కేంద్రాల్లో శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్ అనే శిక్షణ సంస్థ వీటికి మూలం. కుట్టు బాగానే నేర్పారు. కానీ కుట్టు ఏ మంచి టైలరు దగ్గర కూర్చున్నా వస్తుంది. నన్ను షాపులో నిలబెట్టింది అక్కడి వ్యాపార పాఠాలే.

మేకుకు రింగు వేసే రింగులాట ఆడించారు. దూరం నుంచి వేస్తే ఎక్కువ మార్కులు, దగ్గరైతే తక్కువ. ఎక్కడ నిలబడాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. ఎంత రిస్కు మోయగలనో చూసుకుని లోను ఎంత అడగాలో లెక్క వేసుకునేటప్పుడు నాకు ఆ ఆటే పనికొచ్చింది. ఇలాంటి శిక్షణకు మన కాకినాడతో పాత బంధం ఉంది. 1964లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం అక్కడి వ్యాపారులకు హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత వాళ్లు వ్యాపారంలో మునుపటికన్నా చురుగ్గా కదిలారని తేలింది. ఆ సంస్థ పేరే ఇప్పుడు ని-ఎంఎస్‌ఎంఈ.

అన్నిటికన్నా మేలు చేసింది లెక్కల పాఠం. జాకెట్టు కూలి అంటే లైనింగు, దారం, హుక్కులు, కరెంటు, అద్దె, ఆపైన నా కష్టం. ఇవన్నీ వేసి రేటు కట్టడం నేర్పారు. ఇంటి డబ్బు, షాపు డబ్బు కలపొద్దని పట్టుబట్టి రెండు పుస్తకాలు రాయించారు.

మూఢం వస్తే పెళ్లిళ్లుండవు, బట్టలూ రావు. చాలా షాపులు అప్పుడే మూతపడతాయి. నా పుస్తకంలో గత సంవత్సరాల అంకెలున్నాయి కాబట్టి మళ్లీ ముహూర్తాలు రాగానే పని పుంజుకుంటుందని నాకు తెలుసు. అందుకే ఖాళీ నెలల్లో స్కూలు యూనిఫాంలు, నైటీలు పట్టుకున్నాను. ఆ ఊహ కూడా శిక్షణలో మాతో చేయించిన మార్కెట్ సర్వేదే. పట్టుదల ఉపన్యాసాలు వింటే రాదు, ముందేం జరగబోతుందో తెలిస్తే వస్తుందని నా నమ్మకం.

లోపాలూ చెప్పాలి. మేం నేర్చుకున్నది తొక్కుడు మిషన్ల మీద. షాపులో పవర్ మిషన్ చేతికి అలవాటు కావడానికి టైం పట్టింది. ఫోన్‌లో ఆర్డర్లు తెచ్చుకోవడం గురించి ఒక్క క్లాసైనా లేదు. సర్టిఫికెట్ ఉన్నా ముద్ర లోను కోసం బ్యాంకు చుట్టూ చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. ఆ సమయంలో మా ఫ్యాకల్టీ సారు వచ్చి మేనేజరుతో మాట్లాడారు. శిక్షణ అయ్యాక రెండేళ్లు వెంట ఉండాలన్నది వీళ్ల పద్ధతి, నా విషయంలో అది నిజంగానే జరిగింది.

అన్ని కేంద్రాల్లో అలా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. చేరేముందు పాత బ్యాచ్ వాళ్ల షాపుకు వెళ్లి, కోర్సు అయ్యాక ఎవరైనా వచ్చి చూశారా అని అడగండి.