ఉల్లి వేరు కొనను చూపించిన మైక్రోస్కోప్

బైపీసీ చదివే మా అమ్మాయి కోసం కర్నూలులో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో స్టూడెంట్ మైక్రోస్కోప్ తీసుకున్నాం. 400 రెట్లు పెద్దగా చూపిస్తుంది. మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన ఉల్లిగడ్డకు వేర్లు రానిచ్చి, కొనకు ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు పట్టించి, కాస్త వేడిచేసి, గాజు పలకపై నొక్కి చూశాం. ఎర్రటి క్రోమోజోములు కణం మధ్యలో బారుగా నిలబడి ఉన్నాయి! ఉల్లిలో అవి 16. కణం రెండుగా విడిపోయేటప్పుడు వాటిని చెరో వైపుకు లాగే తంతువులు ఒక్కదానికి సరిగా అంటుకోకపోయినా మ్యాడ్2 వంటి ప్రోటీన్లు విభజనను ఆపి ఉంచుతాయి. అన్నీ కుదిరాకే సెపరేజ్ అనే ఎంజైమ్ కదిలి, ఒక్కో క్రోమోజోములోని జంట పోగులను పట్టి ఉంచిన కొహీసిన్‌ను కత్తిరిస్తుంది. ఈ ప్రోటీన్లు ఇందులో కనపడవు కానీ, వాటి పనితనం కళ్లారా చూడొచ్చు. నాకైతే పెట్టిన డబ్బుకు అదే చాలు. ఫోకస్ మర కొంచెం బిగుతు. అద్దంతో వెలుతురు పట్టడం పెద్ద టెన్షన్, ఎల్ఈడీ ఉన్నదే అడిగి తీసుకోండి.