మొజాయిక్‌కు ఏ రాయి మేలు, దానిని దేనితో కోయాలి?

మొజాయిక్, అంటే చిన్న చిన్న ముక్కలు పేర్చి చేసే బొమ్మ, కోసం రాయిని ఎంచుకునేటప్పుడు కన్ను ముందుగా రంగు మీదికే పోతుంది. అయితే రంగు కన్నా ముందు తేల్చుకోవలసింది ఆ రాయి దెబ్బకు ఎలా పగులుతుందన్నది. పలక మీద ఉన్న పాలిష్ యంత్రం ఇచ్చిన నునుపు మాత్రమే. ముక్కను పగలగొట్టి పక్కకు తిప్పి అమర్చినప్పుడు పైకి వచ్చే గరుకైన లోపలి ముఖమే వెలుగును పట్టి, చూసేవారు కదిలేకొద్దీ ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క తీరుగా మెరిపిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే పాలరాయికి సాటి లేదు. అది ప్రధానంగా కాల్సైట్ అనే ఖనిజపు స్ఫటికాల కూర్పు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కాఠిన్య మానంలో కాల్సైట్ స్థానం 3 కనుక సుత్తికి సులువుగా లొంగుతుంది, స్ఫటికాలు ఒకదానితో ఒకటి బిగిసి ఉండటం వల్ల చిన్న ముక్క కూడా గట్టిగా నిలుస్తుంది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ కాఠిన్యం 6, క్వార్ట్జ్ కాఠిన్యం 7. అందువల్ల అది పనిముట్ల అంచును త్వరగా మొద్దుబారుస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు దాని రేణువులది: సెంటీమీటరు ముక్కలోనే రెండు మూడు రంగులు కలగలిసి ఉంటాయి కాబట్టి ముఖం, చేయి వంటి సున్నితమైన భాగాలలో గీత స్పష్టంగా తేలదు. ఆమ్లం తగిలినా, ఆరుబయట ఎండావానలకు గురైనా చెక్కుచెదరని రాయి కావాలంటే మాత్రం గ్రానైట్‌దే పైచేయి, ఎందుకంటే నిమ్మరసం చుక్క పడినా పాలరాయి మెరుగు పోతుంది.

సన్నని రేణువులున్న సున్నపురాయి కూడా దాదాపు పాలరాయిలాగే తెగుతుంది. మెరుపు తక్కువ, కానీ నేపథ్యానికి ఆ నెమ్మదితనమే అందం. పలకరాయి పొరలు పొరలుగా విడిపోతుంది కనుక దానితో ఘనాలు చేయబోవడం వృథా. పట్టీలుగా చీల్చి అంచు పైకి వచ్చేలా నిలబెడితే బాగుంటుంది. రాతిలో రంగులు తక్కువని వెనుకాడేవారు, ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపేలో 1831లో బయటపడిన అలెగ్జాండర్ మొజాయిక్‌ను ఒకసారి శ్రద్ధగా చూడాలి. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఛాయలే ప్రధానంగా వాడి, ఒక యుద్ధరంగాన్నంతా అక్కడ నిలబెట్టారు.

ఇక కోత విషయం. గాజు కోసం తయారైన చక్రాల నిప్పర్ (ముక్కలు కత్తిరించే పట్టకారు) రాతికి పనికిరాదు, ఎందుకంటే అది రాతిని చీల్చడానికి బదులు నలుపుతుంది. ఉక్కు కన్నా గట్టిదైన కార్బైడ్ పళ్ళున్న నిప్పర్ పలుచని పలకలకు సరిపోతుంది, దానితోనైనా పళ్ళను రాయి అంచున కొద్దిగా మాత్రమే పట్టించి నొక్కాలి. పది మిల్లీమీటర్ల మందానికి వచ్చేసరికి మణికట్టు త్వరగా అలసిపోతుంది.

దుంగలో అంచు పైకి ఉండేలా బిగించిన ఉలి, రెండు కొసలూ పదునుగా ఉన్న సుత్తి కలిసిన పాత పద్ధతే ఈ పనికి అన్నిటికన్నా మేలని నా దృఢమైన అభిప్రాయం. రాయిని ఉలి అంచు మీద ఆనించి, సుత్తి అంచు సరిగ్గా దాని ఎదుట పడేలా, బలంతో కాక సుత్తి బరువుతోనే కొట్టాలి. ప్రతిసారీ ముక్కను సగానికి చీల్చడం ఇందులోని కిటుకు. రెండు వైపులా సమానమైన రాయి ఉంటే పగులు తిన్నగా దిగుతుంది, ఒక వైపు తక్కువైతే అటే ఒరిగిపోతుంది. అందుకే ఎనిమిది మిల్లీమీటర్ల ముక్క కావాలంటే పదహారు మిల్లీమీటర్ల ముక్కతో మొదలుపెట్టడం మంచిది.

నీళ్ళు పోస్తూ కోసే డైమండ్ బ్లేడు రంపం దీనికి పోటీ కాదు, తోడు. పెద్ద పలకను సమానమైన పట్టీలుగా కోయడానికి దానికి మించినది లేదు. ఘనాలను కూడా దానితోనే కోస్తే అన్ని ముఖాలూ నునుపుగా, జీవం లేకుండా వస్తాయి. గ్రానైట్, ఇసుకరాయి, క్వార్ట్జైట్ వంటివి పొడిగా కోస్తే లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి నయం కాని సిలికోసిస్‌కు దారితీస్తుంది కనుక వాటి విషయంలో నీరు, సరైన మాస్కు రెండూ తప్పనిసరి. సుత్తితో కొట్టేటప్పుడు ఏ రాయికైనా కళ్ళద్దాలు ఉండాలి.

కొనేముందు వీలైతే ఒక తుంటను పగలగొట్టి, తడి లేకుండా లోపలి ముఖాన్ని చూడండి. తడి రాయి చూపే గాఢమైన రంగు ఆరాక మిగలదు. మొజాయిక్‌లో కనిపించేది ఆరిన రంగే.