సీహెచ్341ఏ ప్రోగ్రామర్: బూట్ దగ్గర ఆగిపోయిన ఫ్రీ డిష్ బాక్సులకు కొనొచ్చా?

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు రిపేరు బల్లల మీదికి వచ్చే ఫ్రీ డిష్ బాక్సుల్లో ఒక రకం ఉంది. ఎర్ర లైటు వెలుగుతుంది. ముందు డిస్‌ప్లేలో "బూట్" అనో, ఉత్త గీతలో పడి అక్కడే ఆగిపోతుంది. రిమోట్‌కు పలకదు, టీవీలో బొమ్మ రాదు. "సాఫ్ట్‌వేర్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని పంపించేస్తుంటారు. సాఫ్ట్‌వేర్ నిజంగానే పోయి ఉంటే దాన్ని తిరిగి రాయడానికి పనికొచ్చే చవకైన సామాను సీహెచ్341ఏ ప్రోగ్రామర్, అంటే కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న బోర్డు. బోర్డు ఒక్కటే అయితే ఆన్‌లైన్‌లో 200–300 రూపాయల మధ్య దొరుకుతుంది, చిప్‌ను ఊడదీయకుండానే పట్టుకునే క్లిప్పు, అడాప్టర్లు కలిపి అయితే ఇంకాస్త ఎక్కువ. రిపేరు పని చేసేవాళ్లు తప్పకుండా కొనాల్సిందే. కానీ పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే మాత్రం మంచి బాక్సును కూడా పాడుచేస్తుంది. అది ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

దాని కంటే ముందు బాక్సు కరెంటు సంగతి చూడాలి. బూట్ దగ్గర ఆగిన ప్రతి బాక్సుకూ సాఫ్ట్‌వేర్ పోయినట్టు కాదు. ఎండాకాలం మన దగ్గర గదిలోనే నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి తోడు పల్లెల్లో వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతుంటే మొదట దెబ్బతినేది ఎస్‌ఎంపీఎస్‌లోని (బాక్సుకు కరెంటు అందించే భాగంలోని) కెపాసిటర్లే. 3.3 వోల్టుల లైను 2.9కో, 3.0కో జారితే లైటు వెలుగుతుంది, డిస్‌ప్లే వస్తుంది, బూట్ మాత్రం పూర్తి కాదు. చూడ్డానికి అచ్చం సాఫ్ట్‌వేర్ పోయినట్టే ఉంటుంది. మీటరు పెట్టి 5 వోల్టులు, 3.3 వోల్టులు, మెమరీకి వెళ్లే 1.8 లేదా 1.5, ప్రధాన ఐసీకి వెళ్లే 1.1 చుట్టుపక్కల లైను, అన్నీ చూడండి. బాక్సు ఆన్ అయ్యే ఆ రెండు మూడు సెకన్లలో అంకె కిందికి పడుతుందా అన్నదే అసలు పరీక్ష. సెకండరీలోని (తక్కువ వోల్టుల వైపున్న) 470, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ల పొట్ట ఉబ్బి ఉంటే సరేసరి. ఉబ్బకపోయినా లోపల ఎండిపోయి ఉండొచ్చు కాబట్టి 105 డిగ్రీల వేడికి తట్టుకునేవి వేసి చూడాలి. లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే పవర్ ఐసీ పక్కనుండే చిన్న 10 లేదా 22 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్‌ను అనుమానించండి. ప్లగ్గు పీకేశాక కూడా ప్రైమరీ వైపు, అంటే ప్లగ్గు కరెంటు నేరుగా వచ్చే వైపు, పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేయకుండా చేయి పెట్టొద్దు.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కూడా బాక్సు ఆగిపోతుంటే అప్పుడు బాక్సు సాఫ్ట్‌వేర్ ఉండే ఫ్లాష్ చిప్ వంతు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే సగం చెరిగి, సగం రాసి మిగిలిపోయేది ఇదే. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిప్, పైన 25క్యూ32 అనో 25క్యూ64 అనో ఉంటుంది. 32 అంటే 32 మెగాబిట్లు, అంటే 4 ఎంబీ. 64 అంటే 8 ఎంబీ.

ఇక ప్రోగ్రామర్‌లోని అసలు లోపం. నల్ల రంగు బోర్డు మీద 3.3 వోల్టుల రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి అంతా 3.3లోనే నడుస్తుందని అనుకుంటాం. ఆ 3.3 వెళ్లేది ఫ్లాష్ చిప్ ఎనిమిదో కాలికి మాత్రమే. సీహెచ్341ఏ ఐసీ మాత్రం యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టుల మీదే నడుస్తుంది, అందుకే క్లాక్, డేటా, సెలెక్ట్ లైన్ల మీద కూడా 5 వోల్టులే వస్తాయి. 25క్యూ32 లాంటి చిప్ పనిచేసేది 2.7 నుంచి 3.6 వోల్టుల మధ్య. చాలా చిప్‌లు ఆ 5 వోల్టులను ఓర్చుకుని రాయించుకుంటాయి కూడా, అందుకే ఈ లోపం ఎవరి కంటా పడదు. చిప్‌ను బోర్డు మీదే ఉంచి క్లిప్పు పెట్టినప్పుడే అసలు ముప్పు. అవే లైన్లు బాక్సు ప్రధాన ఐసీకి కూడా వెళ్తాయి. 5 వోల్టులు తగిలి అది పోయిందంటే ఆ బాక్సుకు మందు లేదు.

దీనికి విరుగుడు ఉంది. సీహెచ్341ఏ ఐసీ 28వ కాలిని సన్న మొన ఐరన్‌తో వేడి చేసి, సూదితో ప్యాడ్ నుంచి పైకి లేపాలి. లేపిన ఆ కాలికి, 9వ కాలికి కలిపి రెగ్యులేటర్ 3.3 అవుట్‌పుట్ నుంచి సన్న తీగ వేయాలి. తర్వాత సాకెట్‌లో క్లాక్, డేటా లైన్ల మీద మీటరు పెట్టి చూడండి, ఎక్కడా 3.3 దాటకూడదు. ఇంత సన్నటి టంకం పని కుదరదనుకునేవాళ్లు వోల్టేజీ స్విచ్ ఉన్న పచ్చ బోర్డు కొనడం మేలు. దాన్నీ వాడేముందు మీటరుతో చూసుకోవాల్సిందే.

కిట్‌లో వచ్చే క్లిప్పు నాసిరకం. పళ్లు చిప్ కాళ్ల మీద నిలవవు, కాస్త కదిలిస్తే జారిపోతాయి. కాంటాక్టు కుదిరినా ఇంకో చిక్కు: క్లిప్పు ఇచ్చే 3.3 వోల్టులు ఫ్లాష్ చిప్‌తో ఆగవు, బాక్సు మొత్తానికి పాకుతాయి. ప్రధాన ఐసీ సగం మేలుకుని తానూ అదే చిప్‌ను చదవబోతుంది. చిప్ తన గుర్తుగా పంపే ఐడీ ఒకసారి ఒకటి, మరోసారి ఇంకోటి వస్తుంటే, రెగ్యులేటర్ కాలుతుంటే కారణం ఇదే. చిప్‌ను ఊడదీయడమే నికరమైన పద్ధతి. టంకం పేస్టు (ఫ్లక్స్) రాసి, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లకు వేడికి తట్టుకునే టేపు చుట్టి, హాట్ ఎయిర్ 350 డిగ్రీల దగ్గర పెడితే చిప్ తేలిగ్గా వస్తుంది. హాట్ ఎయిర్ లేకపోతే రెండు వరుసల కాళ్ల మీదా టంకం నిండుగా పోసి, ఐరన్‌ను అటూ ఇటూ మార్చి మార్చి తాకిస్తే కదులుతుంది. బలవంతంగా పెకలిస్తే ప్యాడ్‌లు లేచిపోతాయి.

తీసిన చిప్‌ను అడాప్టర్‌లో పెట్టేటప్పుడు చుక్క ఉన్న మూల ఒకటో కాలు. ప్రోగ్రామర్ సాకెట్‌లో సగం 24 సిరీస్‌కు, సగం 25 సిరీస్‌కు. బోర్డు మీద అచ్చేసిన బొమ్మ చూసి 25 వైపే పెట్టండి. విండోస్‌లో ఆస్‌ప్రోగ్రామర్, లినక్స్‌లో ఫ్లాష్‌రామ్ రెండూ ఉచితం, రెండూ బాగా పనిచేస్తాయి. మొదట ఐడీ చదవాలి. విన్‌బాండ్ 25క్యూ32కు ఈఎఫ్ 40 16 రావాలి. అన్నీ ఎఫ్ఎఫ్ లేదా అన్నీ 00 వస్తే చిప్ పోయిందని తేల్చేయకండి, కాళ్లు సరిగ్గా ఆనలేదేమో చూడండి. తర్వాత పాత డేటాను రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని పోల్చాలి. 4 ఎంబీ చిప్ ఫైలు సరిగ్గా 41,94,304 బైట్లు ఉండాలి. ఆ పాత ఫైలు పాడైనదే అయినా దాచిపెట్టండి, బాక్సు సొంత సీరియల్ నంబరు లాంటివి అందులోనే ఉంటాయి. ఆపైన ఎరేజ్, బ్లాంక్ చెక్, రైట్, వెరిఫై. వెరిఫై దగ్గర పదే పదే తప్పు చూపిస్తే ఆ చిప్‌ను పక్కన పడేసి అదే సైజు కొత్తది వేయడం మంచిది.

రాయడానికి మంచి డంప్ (చిప్‌లోని మొత్తం డేటా కాపీ) ఎక్కడిదన్నదే పెద్ద తలనొప్పి. బాక్సు పైన కంపెనీ పేరు ఒకటే అయితే చాలదు, లోపల బోర్డు మీద అచ్చేసిన నంబరు, ట్యూనర్, డిస్‌ప్లే రకం అన్నీ కలవాలి. డిస్‌ప్లే వేరైతే అంకెలు గజిబిజిగా పడతాయి, ట్యూనర్ వేరైతే సిగ్నల్ సున్నా, రిమోట్ కోడ్ వేరైతే బాక్సు ఆన్ అయినా మాట వినదు. అన్నిటికంటే నమ్మకమైనది అదే బోర్డు ఉన్న మంచి బాక్సు నుంచి సొంతంగా చదువుకున్న డంప్. రాశాక ఫ్యాక్టరీ రీసెట్ చేసి, 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15కు మళ్లీ స్కాన్ చేయాలి.

డబ్బు కట్టి చూసే డీటీహెచ్, కేబుల్ బాక్సులకు ఇది పనికిరాదు. వాటిలో ఫర్మ్‌వేర్‌కు (బాక్సు లోపలి సాఫ్ట్‌వేర్‌కు) తాళం ఉంటుంది, కార్డు ఆ బాక్సుతోనే ముడిపడి ఉంటుంది, చాలావరకు బాక్సు కూడా ఆపరేటర్‌దే. వాటిని ఆపరేటర్‌కే ఇచ్చి మార్పించుకోండి. ఆండ్రాయిడ్ బాక్సుల్లో ఉండేది ఈఎంఎంసీ అనే వేరే రకం మెమరీ చిప్. దాని పద్ధతి వేరు, ఈ ప్రోగ్రామర్ దాన్ని చదవలేదు.

ఈ బోర్డుతో ఎక్కువమంది వాడని ఇంకో పనీ ఉంది. జంపర్‌ను 2–3 వైపు మారిస్తే ఇది సీరియల్ కేబుల్‌గా మారుతుంది, అంటే బాక్సు ఆన్ అయ్యేటప్పుడు పంపే అక్షరాలను కంప్యూటర్‌లో చూడొచ్చు. చాలా బాక్సుల్లో ప్రధాన ఐసీ పక్కన నాలుగు ఖాళీ రంధ్రాలు ఉంటాయి. వాటిలో గ్రౌండ్‌ను, బాక్సు టీఎక్స్‌ను (డేటా పంపే లైను) మాత్రమే ప్రోగ్రామర్ గ్రౌండ్‌కూ ఆర్ఎక్స్‌కూ (డేటా అందుకునే లైను) కలిపి, 115200 వేగం పెట్టి బాక్సు ఆన్ చేయండి. అక్షరాలు పడుతూ మెమరీ పరీక్ష దగ్గర ఆగిందంటే ఫ్లాష్ రాసి లాభం లేదు, మెమరీ వోల్టేజీ చూడాలి. ఫ్లాష్‌ను చదివేటప్పుడు ఆగితే చిప్ ఊడదీయొచ్చు. ఒక్క అక్షరం కూడా పడకపోతే ముందు వేరే వేగాలు పెట్టి చూసి, అప్పటికీ రాకపోతే మళ్లీ 3.3 లైను దగ్గరికి, ఆ తర్వాత ప్రధాన ఐసీకి క్లాక్ ఇచ్చే క్రిస్టల్ దగ్గరికి వెళ్లండి.