పాత ఏసీ బ్లోవర్ మోటార్: రీవైండింగా, కొత్తదా?

చెన్నైలో మా పాత విండో ఏసీ మోటార్ కాలిపోతే నాన్న రీవైండింగ్ (లోపల కాలిన తీగచుట్టలు తీసి కొత్తవి చుట్టించడం) చేయిద్దామన్నారు, నేను కొత్తది కొందామన్నాను.

రీవైండింగ్‌లో సుఖమేమిటంటే షాఫ్ట్, బిగింపు, అన్నీ పాతవే. వైరింగ్ టెన్షన్ తక్కువ. ఈ మోటార్‌కు రెండు వైపులా షాఫ్ట్ ఉంటుంది, ఒకవైపు గదిలోకి చల్లగాలి తోసే బ్లోవర్, ఇంకోవైపు వేడిని బయటికి తోసే ఫ్యాన్. కొత్తదానిలో ఆ కొలతలు కుదరాలి. బేరింగులు అరిగితే మాత్రం రీవైండింగ్ ఒక్కటే సరిపోదు.

కొత్తదానికి వైర్ల రంగులు మారొచ్చు, రంగును నమ్మకండి. కరెంటు ఆపి, కెపాసిటర్ (మోటార్ తిరగడానికి తోడ్పడే భాగం) లో నిల్వ ఉన్న చార్జ్ తీసేసి, వైర్లన్నీ విడదీశాక మల్టీమీటర్ పెట్టండి. మూడు వైర్ల మోటార్‌లో ఏ రెండింటి మధ్య ఓమ్స్ (రెసిస్టెన్స్) అన్నిటికన్నా ఎక్కువో చూడండి, మిగిలినదే కామన్, అంటే లోపలి రెండు తీగచుట్టలకూ ఉమ్మడి వైరు. కెపాసిటర్ మోటార్ మీద రాసిన మైక్రోఫారడ్లదే వేయాలి.

మా మోటార్ బేరింగులు అరగకుండా బాగానే ఉన్నాయి కాబట్టి చివరికి నాన్న మాటే విన్నాను.