ఏంజెల్, మోలీ ఒకే ట్యాంకులో: తిరుపతి నీళ్లలో మూడేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో బోరు నీళ్లతో ఫిష్ ట్యాంకు నడిపేవాళ్లకు ఏంజెల్, మోలీ జత బాగా కుదురుతుంది. మూడడుగుల ట్యాంకులో మూడేళ్లు చూశాక చెబుతున్న మాట ఇది. ఏంజెల్‌తో గోల్డ్‌ఫిష్ పెట్టడంకన్నా, రెక్కలు కొరికే టైగర్ బార్బ్ పెట్టడంకన్నా ఇది వెయ్యి రెట్లు నయం. కాకపోతే "రెండూ సాధు చేపలే, ఏ ట్యాంకులో వేసినా పడుంటాయి" అని అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో సగమే నిజం.

ముందు నీళ్ల సంగతి. ఏంజెల్ అమెజాన్ చేప, మెత్తటి నీళ్లలోది, అంటే సున్నం తక్కువున్న నీళ్లు. మోలీ మెక్సికో, మధ్య అమెరికా వైపుది, సున్నం ఎక్కువున్న నీళ్లు కావాలి. పుస్తకం ప్రకారం ఈ రెండింటికీ పొంతన లేదు. కానీ మన దుకాణాలకు వచ్చే ఏంజెల్ పిల్లలు తరతరాలుగా తొట్లలో పుట్టి పెరిగినవి. కొంచెం గట్టి నీళ్లకు అవి సర్దుకుంటాయి. మెత్తటి నీళ్లకు సర్దుకోలేనిది మోలీయే. ఆర్వో క్యాన్ నీళ్లు శుభ్రం కదా అని ట్యాంకు నింపేస్తే నాలుగైదు రోజుల్లో మోలీ ఒకచోటే నిలబడి, రెక్కలు దగ్గరకు ముడుచుకుని, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతుంటుంది. ముందుకు కదలదు. అది జబ్బు అనుకుని మందులు పోస్తారు. నీళ్లలో ఖనిజాలు లేకపోవడమే దానికి కారణం, చలి కూడా తోడైతే ఇంకా ఎక్కువ.

మా బోరు నీళ్లు మీటర్లో 700 టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల లెక్క) చూపిస్తాయి, ఆర్వో నీళ్లు 50. రెండు బకెట్ల బోరు నీళ్లకు ఒక బకెట్ ఆర్వో కలిపితే 480 దగ్గర నిలుస్తుంది. రెండు చేపలకూ అది చాలు. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌నర్ పెట్టిన లైన్లో నీళ్లు కూడా మీటర్లో దాదాపు అంతే అంకె చూపిస్తాయి, కానీ వాటిలో కాల్షియం, మెగ్నీషియం పోయి సోడియం చేరి ఉంటుంది. మీటరుకు ఆ తేడా తెలియదు, మోలీకి తెలుస్తుంది. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచే పట్టుకోండి.

కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే క్లోరిన్ తీయాలి. 10 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) 100 మి.లీ. నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకుంటే, 20 లీటర్ల బకెట్‌కు 3 మి.లీ. సరిపోతుంది. లేదంటే డ్రమ్ములో పట్టి, మూత తీసి, ఎయిర్ స్టోన్ వేసి ఒకరోజు వదిలేయండి.

ఎండాకాలమే అసలు పరీక్ష. రెండు చేపలకూ 25 నుంచి 28 డిగ్రీలు హాయి. మేలో ట్యాంకు నీళ్లు 32 దాటుతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మి.గ్రా. ఆక్సిజన్ నిలిస్తే, 32 దగ్గర 7.3 మాత్రమే నిలుస్తుంది. తెల్లారుజామున చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే అదే. మూత తీసి చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అయితే అలా ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గిన మట్టాన్ని మళ్లీ బోరు నీళ్లతో నింపుతూ పోతే నెల తిరిగేసరికి 480 కాస్తా 700 అవుతుంది, గాజు మీద నీటి అంచు దగ్గర తెల్లటి గీత కడుతుంది. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీళ్లే పోయాలి. బోరు కలిపిన నీళ్లు వారం వారం మార్చేటప్పుడు మాత్రమే. ఇంకొకటి, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. పొద్దున ఆరింటికి పట్టుకోండి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

చలికాలంలో హీటర్ డిసెంబరు, జనవరి రెండు నెలలే. 150 వాట్ల థర్మోస్టాట్ హీటర్ 26 దగ్గర పెడితే చాలు.

ట్యాంకు పొడవుకన్నా ఎత్తు ముఖ్యం. ఏంజెల్ నిలువుగా పెరిగే చేప, అడుగున్నర ఎత్తు లేకపోతే కింది రెక్కలు వంకర పోతాయి. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు, 8 మి.మీ. గాజు. అంచుదాకా లెక్కేస్తే 159 లీటర్లు, రాళ్లు, ఖాళీ పోగా 140 లీటర్ల నీళ్లు పడతాయి. నీళ్లు, గాజు, రాళ్లు కలిపి 190 కిలోలకు తగ్గదు, పాత టీవీ స్టాండు మీద పెట్టకండి. ఇంతలో నాలుగు ఏంజెల్, నాలుగు మోలీ. మోలీల్లో ఒక మగ, మూడు ఆడ. మగవి ఎక్కువైతే ఆడవాటిని ఊపిరి తీసుకోనివ్వవు.

ఏంజెల్‌కు ప్రవాహం గిట్టదు. పవర్ ఫిల్టర్ నోరు గోడవైపు తిప్పి, తోడుగా ఒక జంట స్పాంజ్ ఫిల్టర్ పెట్టాలి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను హరించే బాక్టీరియా ఫిల్టర్లో నిలదొక్కుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటుంది కాబట్టి అమ్మోనియా విషం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది, తొందరపడితే మొదటి వారంలోనే చేపలు పోతాయి. నడుస్తున్న ట్యాంకులోంచి పాత స్పాంజ్ ఒకటి అడిగి తెచ్చుకుంటే సమయం కలిసొస్తుంది. స్పాంజ్‌ను కుళాయి కింద ఉతకకండి, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి. వారానికి 35 లీటర్లు మార్చాలి. మొక్కల్లో వాలిస్నేరియా ఈ నీళ్లకు పిచ్చిపిచ్చిగా పెరుగుతుంది.

మోలీలు తెచ్చాక నేరుగా వేయొద్దు, మూడు వారాలు విడి టబ్బులో ఉంచండి. వెనక భాగంలో సన్నటి ఎర్ర దారాలు వేలాడుతుంటే అవి పురుగులు. చేప కదలకుండా ఉన్నప్పుడే బయటికి కనబడతాయి, కదిలితే లోపలికి పోతాయి, కాబట్టి టార్చి వేసి ఓపిగ్గా చూడాలి. పశువుల మందుల షాపులో దొరికే లెవామిసోల్, లీటరుకు 2 మి.గ్రా. లెక్కన 24 గంటలు, ఆ తర్వాత అడుగంతా సైఫన్ చేసి సగం నీళ్లు మార్చాలి. మూడు వారాలకు మళ్లీ ఒకసారి.

మోలీలుంటే ఉప్పు వేయాలని చాలామంది అంటారు. మన నీళ్లకు అక్కర్లేదు, ఏంజెల్‌కు అది రోజూ పడదు. ఉప్పు మందుగానే, అదీ విడి టబ్బులో.

మేత దగ్గర రెండింటి దారులూ వేరు. ఏంజెల్‌కు పురుగుల మేత కావాలి, మోలీకి ఆకు కావాలి. బ్లడ్‌వార్మ్ (ఎర్ర పురుగుల మేత) మోలీ కూడా ఎగబడి తింటుంది, రోజూ తింటే పొట్ట ఉబ్బి తెల్లటి దారంలా పెంట వేస్తుంది. పొద్దున స్పిరులినా (నాచు) మేత, సాయంత్రం ఏంజెల్ మేత, వారంలో బ్లడ్‌వార్మ్ రెండు రోజులే, ఒక రోజు ఉడికించిన పాలకూర. ఒక రోజు పస్తు.

మోలీ నెలకో నెలన్నరకో పిల్లల్ని పెడుతుంది. మగది లేకపోయినా పాత వీర్యం దాచుకుని నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. ఇక్కడే ఈ జత లాభం. పెద్ద ఏంజెల్ ఉన్న ట్యాంకులో పిల్లలు గుంపులు గుంపులుగా పెరిగిపోవు, తెల్లారేసరికి మొక్కల్లో దాక్కున్న రెండో మూడో మిగులుతాయి. అది చూసి తట్టుకోలేనివాళ్లు ఈ జత పెట్టుకోకపోవడమే మంచిది.

నష్టం కూడా పిల్లల దగ్గరే మొదలవుతుంది. ఏంజెల్‌లు ఏడాదిలోపే జతకడతాయి. ఫిల్టర్ పైపునో, నిలువు ఆకునో రెండూ నోటితో తుడుస్తూ ఉంటే రెండు రోజుల్లో గుడ్లు పెడతాయని అర్థం. ఇక సగం ట్యాంకు వాటిదే. మిగతా రెండు ఏంజెల్‌లు, మోలీలు ఒక మూలకు చేరి హీటర్ వెనక నక్కుతాయి, తోకలు చినుగుతాయి. గుడ్లు పొదగడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రాత్రుల్లో లైటు ఆరాక మోలీలు పోయి గుడ్లు తినేస్తాయి, మళ్లీ పది పదిహేను రోజులకు ఇదే తంతు. జత కుదిరిందని తెలియగానే మిగతా రెండు ఏంజెల్‌లను తిరిగి ఇచ్చేయండి, గుడ్లు ఉన్నన్నాళ్లు మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టండి.

అరుదుగా ఒక మోలీ ఏంజెల్ పక్కలు గీకడం మరుగుతుంది. పాచి తినే అలవాటుతోనే ఒంటి మీది జిగురు పీకుతుంది. ఏంజెల్ డొక్కలో పొలుసులు మసకబారి, గోరుతో గీరినట్టు మచ్చ కనబడితే రాత్రి పూట టార్చి వేసి చూడండి, దొరుకుతుంది. ఆకు మేత పెంచితే కొన్ని మానుకుంటాయి. మానుకోని దాన్ని తీసేయడమే.