మే నెలలో విశాఖ పోయి వంజరం అడగొద్దు

కడప నుంచి విశాఖకు పోయే కుటుంబాలు ఎక్కువగా ఏప్రిల్ ఆఖర్లోనో, మే నెలలోనో బయల్దేరతాయి. పిల్లలకు సెలవులు. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో రైలు మారే పని లేదు. సముద్రం చూసినట్టూ ఉంటుంది, చేప తిన్నట్టూ ఉంటుంది అనుకుంటారు. సముద్రం వరకు సరే. చేప దగ్గరే చిక్కంతా.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజను బోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిషేధం అది. హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. బీచ్ రోడ్డు హోటళ్ల మెనూలో మాత్రం వంజరం, చందువ ఒక్కటీ తగ్గవు. అవి కోల్డ్ స్టోరేజీలో ఉన్నవైనా అయ్యుండాలి, పడమటి తీరం నుంచి ఐసు మీద లారీలో వచ్చినవైనా అయ్యుండాలి. అటువైపు నిషేధం జూన్ 1న గానీ మొదలవదు కదా. అడిగితే ‘ఫ్రెష్షే సార్’ అంటారు, రేటు కూడా ఫ్రెష్ రేటే వేస్తారు.

సెలవుల్లో తప్ప కుదరదు అనేవాళ్ళు రొయ్య తినండి. చెరువు రొయ్యకు వేట నిషేధంతో పని లేదు. పండుగప్పను కూడా చెరువుల్లో పెంచుతారు. ఇంజను లేని తెప్పలకు నిషేధం వర్తించదు కాబట్టి పెదజాలరిపేట లాంటి చోట తెల్లారి ఒడ్డుకు పోతే చిన్న చేప కొంచెమైనా కనబడుతుంది. చేప కోసమే పోయేవాళ్ళు దసరా తర్వాత ఫిబ్రవరి లోపు పెట్టుకోవాలి. అక్టోబరు, నవంబరులో మాత్రం తుఫాను హెచ్చరిక చూసుకుని టికెట్ తీయండి. హెచ్చరిక వస్తే బోట్లు కదలవు, మళ్ళీ ఐసు చేపే గతి.

సీజన్‌లో కూడా ఖరీదైన చేపే తాజాది అనుకోవద్దు. పెద్ద మరబోట్లు వేటకు పోతే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాయి, మొదటి రోజు పట్టిన చేప అన్నాళ్ళూ అడుగున ఐసులో ఉంటుంది. రాత్రి పోయి పొద్దున్నే తిరిగొచ్చే చిన్న పడవల్లో కానాగడతలు, కవళ్ళు, నెత్తళ్ళు వస్తాయి. అసలు తాజా చేప అదీ, చవక చేప అదీ. విశాఖ వాళ్ళు ఇంట్లో వండుకునేవి ఇవే. మనవాళ్ళు ముళ్ళున్నాయని వాటిని పక్కకు నెట్టి, వంజరం ముక్కకు మూడింతలు పెడతారు.

ఫిషింగ్ హార్బర్‌కు పోవాలంటే తెల్లవారుజామునే పోవాలి. ఎండ ముదిరితే మిగిలేది వాసనే. వేలం గుట్టల లెక్కన, బుట్టల లెక్కన సాగుతుంది, అది వ్యాపారుల పాట. కిలో, రెండు కిలోలు కావాలంటే పక్కన కూర్చుని అమ్మే ఆడవాళ్ళ దగ్గర బేరమాడాలి. చెప్పిన ధరకు మూడోవంతు తగ్గించి అడిగినా ఎవరూ కోప్పడరు. మొప్ప ఎత్తి చూడండి: ఎర్రగా, తడిగా ఉండాలి, ఇటుక రంగుకు తిరిగి జిగురు సాగితే వదిలేయండి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి. పాలసొరకు వాసనే పరీక్ష, ముక్కుకు ఘాటు తగిలితే అది పాతది. పీత కాళ్ళాడిస్తూ, చేతిలో బరువుగా ఉండాలి. తేలిగ్గా ఉన్నదాంట్లో పెంకే తప్ప కండ ఉండదు.

కొన్న చేప ఎక్కడ వండించాలన్నది ముందే తేల్చుకోండి. లాడ్జిల్లో వంటకు ఒప్పుకోరు. చిన్న మెస్సులు కొన్ని ఒప్పుకుంటాయి గానీ మధ్యాహ్నం రద్దీలో కాదు, పొద్దున పదిలోపు తీసుకుపోయి ఇవ్వాలి.

సాయంత్రం బీచ్‌లో బండ్ల మీద ఎర్రగా కారం పట్టించి పేర్చిన చేపలు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. ఆ ఎరుపు చేప వయసును దాచేస్తుంది. తలతో ఉన్న చేపనే తీయించి, మసాలా కాస్త తుడిపించి మొప్ప చూడండి. ముక్కలైతే నడిమి ముల్లు దగ్గర చూడాలి: పచ్చి ముక్కలోనే కండ ముల్లును వదిలేసి విడిపోతుంటే ముట్టుకోవద్దు. బాణలిలో నూనె నల్లబడి నురగ కడుతుంటే మరమరాల ముంత మసాలా తిని లేవడం మేలు.

అన్నిటికంటే ఒళ్ళు మండేది మెనూలో రేటు ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అని ఉండటం. నూటికి తొంభై తగాదాలు అక్కడే పుడతాయి. వెయిటరు ట్రేలో చేప తెచ్చి చూపిస్తాడు, మనం తలూపుతాం, బిల్లు వచ్చాక అందరి ముఖాలూ మాడిపోతాయి. తలూపే ముందే మూడు అడగాలి. 100 గ్రాములు ఎంత? తూకం కడుపు తీయకముందా, తీశాకా? మసాలా, వేపుడు కలిపేనా, వేరేనా? లెక్క చూడండి: 100 గ్రాములు 90 రూపాయలని అంటే 800 గ్రాముల చేప 720. పొలుసు, మొప్పలు, పేగులు, తల పోగా ప్లేటులోకి వచ్చేది 500 గ్రాముల దగ్గర్లో, వేగాక ఇంకా తక్కువ. నలుగురికి అది చాలదు, ఇంకో చేప చెప్పాల్సి వస్తుంది. రొయ్యల్లో తరుగు మరీ ఎక్కువ, తలా పెంకూ తీస్తే కిలోకు సగం మిగిలితే గొప్ప. తూకం మన కళ్ళ ముందే వేయించి, చూపించిన చేపే వండారని తెలిసేలా తోక దగ్గర ఒక గాటు పెట్టించండి. మొహమాటపడితే నష్టం మనకే.

బిల్లులో మామూలు హోటల్‌కు జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ తప్పనిసరి కాదు, వద్దంటే తీసేయాలి. మద్యం మీద జీఎస్టీ లేదు, తిండీ మందూ ఒకే బిల్లులో కలిపి మొత్తం మీద పన్ను వేస్తే విడదీయించండి.

మందు మాట వచ్చింది కాబట్టి: షాపులు పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా, 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మరు. బీచ్‌లో కూర్చుని తాగితే కేసు. బార్‌లో పెగ్గు అంటే 30 మిల్లీలీటర్లా, 60 మిల్లీలీటర్లా అన్నది అడిగి చెప్పండి. తాటికల్లు పొద్దున్నే, కుండ దింపినప్పుడే. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, పొద్దున దింపింది సాయంత్రానికీ తియ్యగా ఉందంటే అనుమానించాలి. తాగనివాళ్ళకు కొబ్బరిబొండం, మజ్జిగ తప్పవు. కడప ఎండలో చెమట ఆరిపోతుంది, విశాఖలో ఒంటి మీదే ఉంటుంది. రెండో రోజుకల్లా పెద్దవాళ్ళు నీరసపడతారు, ఆ విసుగు తిండి మీద చూపిస్తారు.

కారం చాలదన్న గొడవ కూడా వస్తుంది. అక్కడి చేపల పులుసు మన పులుసంత మండదు. అలాగని రాయలసీమ బోర్డు చూసి సంగటి చెప్పొద్దు, ముద్ద ముద్దలా ఉండదు. ఇంటి నుంచి శెనక్కాయల పొడి ఒక డబ్బా పెట్టుకుపోతే ఎవరూ అలగరు. పులుసు ఉన్న మెస్సులో ‘రాత్రిదా, పొద్దుటిదా’ అని అడగండి. రాత్రిదంటే వెనక్కి తగ్గొద్దు, ముక్కకు పులుపు పట్టి ఉంటుంది. టిఫిన్ల గురించి చెప్పేదేం లేదు, ఎక్కడ తిన్నా బాగుంటాయి, అల్లం చట్నీ కాస్త తీపి. బొంగు చికెన్ నగరంలో వద్దు, అరకు పోతే అక్కడ పచ్చి వెదురులో కాల్చింది తినండి.

తిరుగు ప్రయాణంలో పచ్చి చేప తెస్తామనేవాళ్ళు చేపంత బరువు ఐసు వేయాలి, కడుపు శుభ్రం చేయించాలి, థర్మాకోల్ పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస చేప పేర్చాలి. కరిగిన నీళ్ళు బోగీలో కారితే తోటి ప్రయాణికులతో కడప దాకా తగువే. దానికంటే ఎండు నెత్తళ్ళు మేలు. విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే తేమ ఉన్నట్టు. తెల్లటి బూజు, ఇసుక ఉన్నాయేమో చూసి, రెండు కవర్లలో మూతి బిగించి తెచ్చుకోండి. గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా ఆ సంచిలో మాత్రం పెట్టొద్దు, నేతికి ఆ వాసన పట్టేస్తుంది.