నాలుగేళ్ళుగా నొక్కుతున్న విండోస్ ప్లస్ వి

మాది రిజిస్ట్రేషన్ దస్తావేజులు రాసే పని. గుంటూరు జిల్లాలో ఒక చిన్న టౌన్. నాన్నగారు మొదట చేత్తో, తర్వాత కంప్యూటర్ మీద 30 ఏళ్ళకు పైగా చేసిన పనే ఇప్పుడు నేను ల్యాప్‌టాప్ మీద చేస్తున్నాను. ఇందులో కొత్తగా రాసేది తక్కువ. ఒకచోట ఉన్నదాన్ని తప్పు పోకుండా ఇంకోచోట పెట్టడమే ఎక్కువ. అమ్మేవారి పేరు, తండ్రి పేరు, ఆధార్, పాన్, లింకు డాక్యుమెంట్ (అమ్మేవారికి ఆ ఆస్తి వచ్చిన పాత దస్తావేజు) నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఒక్కో క్రయ దస్తావేజులో వీటిలో కొన్ని రెండు మూడు చోట్ల పడాలి.

ఆల్ట్ ట్యాబ్, కంట్రోల్ జెడ్ అందరికీ తెలిసినవే. తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారడానికి విండోస్ కీ, స్పేస్ రోజుకి ఎన్నిసార్లు నొక్కుతానో లెక్కే లేదు. కానీ నా పని తీరునే మార్చింది మాత్రం విండోస్ కీ పట్టుకుని వి నొక్కడం. అలా నొక్కితే అప్పటిదాకా కాపీ చేసినవన్నీ వరసగా చూపించే పెట్టె తెరుచుకుంటుంది. ఇది 2018 అక్టోబరు అప్‌డేట్‌తోనే విండోస్ 10లోకి వచ్చిందట. నేను చూసింది మాత్రం నాలుగేళ్ళ కిందట, కంట్రోల్ వి నొక్కబోయి పక్క కీ మీద వేలు పడినప్పుడు. చిన్న పెట్టె తెరుచుకుని, ఆన్ చేయమంటారా అని అడిగింది. చేశాను. అంతకుముందు ఒకటి కాపీ చేస్తే దాని ముందుది పోయేది. పేరు కాపీ చెయ్యి, వెళ్ళి పేస్ట్ చెయ్యి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆధార్ కాపీ చెయ్యి. ఇప్పుడు పార్టీ పంపిన వివరాలన్నీ వరసగా కాపీ చేసుకుంటూ పోతాను. దస్తావేజు తెరిచి విండోస్ వి నొక్కితే కర్సర్ పక్కనే అన్నీ వరసలో కనిపిస్తాయి. కింది బాణం, ఎంటర్. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) పేజీలో ఒక ముక్క కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ నొక్కి ఫొటోగా తీస్తే అది కూడా అదే వరసలో చేరుతుంది.

ఆ వరసలో ఒకదాన్ని పోకుండా నిలిపి ఉంచే పిన్ అయితే నాకు ప్రాణం. ‘దాన విక్రయాది సర్వ హక్కులతో పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించగలవారు’ లాంటి వాక్యాలు ఏ దస్తావేజులోనైనా అక్షరం మారకూడదు. అలాంటివి తొమ్మిది పిన్ చేసి పెట్టుకున్నాను. వరసలో 25 వరకే నిలుస్తాయి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే మిగతావన్నీ పోతాయి, పిన్ చేసినవి మాత్రం ఉంటాయి. వేసవిలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఆ తొమ్మిదీ అలాగే కనబడితే ఎంత ధైర్యంగా ఉంటుందో చెప్పలేను.

రెండేళ్ళపాటు తెలిసిన ప్రతివాళ్ళకీ దీన్నే చెప్పాను. ఆ తర్వాత ఒక రోజు జరిగింది ఇది.

బెంగళూరులో ఉద్యోగం చేసే ఒకాయన ఇక్కడ లేఔట్‌లో ఉన్న రెండు ప్లాట్లు ఇద్దరికి అమ్ముతున్నారు. వెనకా వెనకా ఆనుకుని ఉన్న ప్లాట్లు. రెండూ 242 గజాలే, అంటే సరిగ్గా ఐదు సెంట్లు. సర్వే నంబరు ఒకటే, లింకు డాక్యుమెంటూ ఒకటే. ఆయనకి రెండు రోజులే సెలవు, సాయంత్రం బస్సుకి టికెట్ కూడా ఉంది. లింకు డాక్యుమెంట్ అప్పట్లో నాన్నగారు రాసిందే కాబట్టి పాత ఫైలు తెరిచి రెండు ప్లాట్ల హద్దులూ ఒకదాని తర్వాత ఒకటి కాపీ చేశాను.

ఆ ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగులాగే కనబడే యూనికోడ్‌లో లేదు, పాత డీటీపీ ఫాంటులో ఉంది. ఆ ఫాంట్లలో మనకి కనిపించే తెలుగు అక్షరం లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద కూర్చుని ఉంటుంది. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు, ఫాంటు తీసేస్తే గజిబిజి గుర్తులు. విండోస్ వి పెట్టెలో ఆ ఫాంటు ఉండదు. అందుకని రెండు హద్దులూ అందులో ఒకేలాంటి పిచ్చి గీతల్లా కనబడ్డాయి. రెండూ ‘తూర్పు’తోనే మొదలవుతాయి, ఆ మొదటి గుర్తులు కూడా ఒకటే. పైది రెండో ప్లాటుది, కిందది మొదటిదని గుర్తు పెట్టుకుని చేస్తున్నాను. మధ్యలో ఫోన్ వస్తే ఇంకేదో నంబరు కాపీ చేశాను. వరస ఒక మెట్టు కిందికి జరిగింది. నా వేలు మాత్రం పాత లెక్కనే నొక్కింది.

ప్రింట్ తీశాను. సంతకాలకి పెన్ను అందించేలోగా, కొంటున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "హద్దులు ఒకసారి పైకి చదువమ్మా" అన్నారు. చదివాను. పడమర, 30 అడుగుల రోడ్డు అనగానే ఆవిడ నన్ను ఆపారు. "పడమర రోడ్డేంటి తల్లీ? మాది తూర్పు ముఖం. రోడ్డు తూర్పున ఉందనే కదా గజానికి అంత పెట్టి కొంటున్నాం" అన్నారు.

నా చేతులు చల్లబడిపోయాయి. రెండో ప్లాటు హద్దులు ఆవిడ దస్తావేజులో పడ్డాయి. విస్తీర్ణం సరిపోయింది, సర్వే నంబరు సరిపోయింది, అమ్మేవారి పేరు సరిపోయింది. కళ్ళతో ఎన్నిసార్లు చూసినా తేడా తెలిసేది కాదు. అది అలాగే రిజిస్టర్ అయి ఉంటే సవరణ దస్తావేజు రాయాలి, దానికి బెంగళూరు ఆయన మళ్ళీ సెలవు పెట్టుకుని రావాలి. ఆవిడకి బ్యాంకులో లోను కావాలన్నా, రేపు అమ్ముకోవాలన్నా ఇదే అడ్డం పడుతుంది. హద్దులు ఉండే షెడ్యూలు చివరి పేజీలో ఉంటుంది కాబట్టి స్టాంపు కాగితం జోలికి పోకుండా ఆ ఒక్క పేజీ మార్చి తీశాను. తప్పు నాదే. చూడకుండా, లెక్క మీద నొక్కాను. రెండో ఆయన దస్తావేజు తీసి చూస్తే అందులో హద్దులు సరిగ్గానే ఉన్నాయి. అయినా అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి వినిపించాను.

ఆ రోజు నుంచి హద్దుల దగ్గర మాత్రం విండోస్ వి వాడటం లేదు. రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరుచుకుని, కంట్రోల్ సి, కంట్రోల్ వి, వెంటనే పైకి చదవడం. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. పడనీ. యూనికోడ్‌లో ఉన్న ఫైలయితే తెలుగు తెలుగులాగే కనబడుతుంది కాబట్టి కొంత నయం. అప్పుడు కూడా హద్దుల పైన ప్లాటు నంబరు ఒక లైనుగా కలిపి కాపీ చేస్తాను, పేస్ట్ చేశాక ఆ లైను తీసేస్తాను.

ఇంకొకటి నేను ఆలస్యంగా పట్టించుకున్నాను. కాపీ చేసిన ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు అన్నీ ఆ పెట్టెలోనే ఉండిపోతాయి. మా షాపులో ఎవరైనా "ఒక్క ప్రింటు తీసుకుంటానమ్మా" అని నా ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుంటారు. అందుకే ఒక దస్తావేజు అయిపోగానే అన్నీ తీసెయ్ అనే బటన్ నొక్కుతాను. పిన్ చేసినవి దానికి పోవు. పార్టీల నంబర్లు మాత్రం ఎన్నడూ పిన్ చెయ్యను. వేరే పరికరాలతో సింక్ అయ్యే సెట్టింగ్ కూడా ఆపేసి ఉంచాను.

మీరు కొనమంటారా అని అడిగే వస్తువు కాదు ఇది, ల్యాప్‌టాప్‌లో ఉన్నదే. వాడమంటారా అని అడిగితే, నాకు రోజుకి మూడు నాలుగు దస్తావేజులు ఉంటాయి, పేర్లూ నంబర్లూ స్థిరమైన వాక్యాలూ ఎక్కువ, కాబట్టి ఇది లేకుండా నాకు పని సాగదు. పెద్ద ఆఫీసుల్లో అయితే ఖాళీలు పూరించే టెంప్లేట్ ఒకటి చేయించుకోవడమే మంచిదేమో. రోజంతా పాత ఫాంట్లలోనే పనిచేసేవాళ్ళకి మాత్రం నేను ముందులా గట్టిగా చెప్పను. మా నాన్నగారు ఇప్పటికీ ఆ ఫాంట్లలోనే టైపు చేస్తారు. ఆయన ల్యాప్‌టాప్‌లో దీన్ని నేను ఆన్ చేయలేదు.